కీమో రోజుల్లో కొత్త హాబీ: ఎలా ఎంచుకోవాలి, ఎలా నిలబెట్టుకోవాలి

క్యాన్సర్ అని రిపోర్టు చేతికొచ్చిన వారంలోనే మీకు చాలామంది చాలా చెప్పి ఉంటారు. ఏం తినాలి, ఏం తినకూడదు, ఏ గుడికి మొక్కుకోవాలి, ఎవరికి ఎలా తగ్గింది. వాళ్లలో ఎవరో ఒకరు "ఏదైనా హాబీ పెట్టుకో, మనసు మళ్లుతుంది" అని కూడా అని ఉంటారు. మాట మంచిదే. ఎలాగో మాత్రం ఎవరూ చెప్పరు. నోరంతా చేదెక్కి, వేళ్లు తిమ్మిరెక్కి, మంచం దిగాలంటేనే ఆలోచించే మనిషి కొత్తగా ఏం నేర్చుకుంటుంది, ఎప్పుడు నేర్చుకుంటుంది?

నాకు రొమ్ము క్యాన్సర్ అని తెలిసేనాటికి నలభై తొమ్మిదేళ్లు. మూడు వారాలకోసారి నాలుగు కీమోలు, తర్వాత వారం వారం పన్నెండు, ఆపైన ఆపరేషన్, రేడియేషన్. ఆ ఏడాదిలో నాకు మూడు కొత్త పనులు అలవడ్డాయి. ఇంకో రెండు మొదలుపెట్టి వదిలేశాను. వాటిలో పనికొచ్చిందంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను. మీ జబ్బు వేరు కావచ్చు, మందులు వేరు కావచ్చు. అందుకే ప్రతి అడుగులోనూ మీ డాక్టర్‌ని ఏం అడగాలో కూడా చెబుతాను.

ఒక మాట ముందే చెప్పాలి. ఏ హాబీ క్యాన్సర్‌ని తగ్గించదు. తగ్గించేది వైద్యమే. రోజంతా పేషెంట్‌గా ఉండే మనిషి ఓ పావుగంట మరొకటిగా ఉండటానికే హాబీ. ఆ పావుగంట కోసం ఎంత జాగ్రత్త పడినా తక్కువే అని నా నమ్మకం.

ముందు ఒక కీమో సైకిల్ మొత్తం రాసుకోండి

ఏ హాబీ అని ఆలోచించే ముందు ఒక చిన్న నోటుబుక్కు తీసుకోండి. కీమో ఎక్కిన రోజు ఒకటో రోజు. అక్కడినుంచి తర్వాతి కీమో దాకా ఒక సైకిల్. అన్ని రోజులూ రెండే రెండు విషయాలు రాయండి: ఏ గంటలో ఒంట్లో కాస్త బాగుంది, ఆ రోజు ఏం చేయలేకపోయాను. అంతే. రెండు లైన్లు దాటొద్దు, దాటితే నాలుగో రోజుకే విసుగొస్తుంది.

ఎందుకంటే కీమో నీరసానికి ఒక వరస ఉంటుంది. మూడు వారాల సైకిల్‌లో చాలామందికి మొదటి రెండు రోజులు వాంతులు ఆపడానికి ఇచ్చే స్టెరాయిడ్ వల్ల ఒంట్లో ఏదో ఊపు ఉంటుంది, రాత్రి నిద్ర పట్టదు. ఆ స్టెరాయిడ్ దిగిపోగానే, మూడో రోజు నుంచో నాలుగో రోజు నుంచో, మనిషి కుప్పకూలినట్టు అయిపోతుంది. సుమారు ఏడో రోజుకూ పద్నాలుగో రోజుకూ మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి, ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ. మూడో వారం కాస్త మనలోకి మనం వస్తాం. వచ్చామనుకునేసరికి మళ్లీ కీమో ఎక్కించే డే కేర్ వార్డు.

మీ వరస మీకే ప్రత్యేకంగా ఉంటుంది. నా నోటుబుక్కులో తేలిందేమిటంటే, చెడ్డ రోజుల్లో కూడా పొద్దున ఆరున్నర నుంచి ఏడున్నర దాకా నాకు తల తేలిగ్గా ఉండేది. ఆ గంట ఇంట్లో కాఫీలకీ క్యారియర్లకీ పోయేది. అది తెలిశాక ఆ గంటను నాకోసం పక్కన పెట్టుకున్నాను.

స్టెరాయిడ్ రాత్రుల గురించి ఇంకో మాట. అర్ధరాత్రి రెండింటికి నిద్ర రాక ఫోన్ పట్టుకుంటే రంగులు, బ్రష్షులు, కుట్టు మిషన్, వీణ, అన్నీ కొనాలనిపిస్తుంది. కార్టులో వేసుకోండి, ఆర్డర్ మాత్రం పెట్టకండి. ఐదో రోజు మధ్యాహ్నం ఆ కార్టు మళ్లీ తెరవండి. అప్పుడు కూడా దేనిమీద మనసు పోతుందో అదొక్కటే కొనండి.

డాక్టర్‌ని అడగాల్సినవి

"హాబీ పెట్టుకోవచ్చా" అని అడిగితే "పెట్టుకోండమ్మా, మంచిదే" అంటారు, అక్కడితో అయిపోతుంది. అలా కాకుండా పని పేరు చెప్పి అడగండి. మట్టి ముట్టుకోవచ్చా? సూది పట్టుకోవచ్చా? ఎంత బరువు ఎత్తొచ్చు? ఎండలో ఎంతసేపు ఉండొచ్చు? ఈ నాలుగూ ఒక చీటీ మీద రాసి ఫైల్లో పెట్టుకుంటే మర్చిపోరు.

మొక్కలు పెంచుదామనే ఆలోచన అందరికీ మొదట వచ్చేదే. కానీ మట్టిలో, కంపోస్టులో బూజు కణాలు ఉంటాయి. కౌంట్స్, అంటే రక్తకణాల లెక్క, పడిపోయిన రోజుల్లో అవి ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రమాదం. డాక్టర్ సరేనంటే గ్లౌజులు, మాస్కు వేసుకుని నీళ్లు పోయడం వరకు చేయండి. మట్టి కలపడం, కుండీ మార్చడం, ఎండుటాకులు తిరగేయడం ఇంట్లో వేరేవాళ్లకు వదిలేయండి. చేపల తొట్టి కడగడం, చిలక పంజరం శుభ్రం చేయడం కూడా అంతే. మెంతులు, ఆవాలు ట్రేలో మొలిపించడం చూడటానికి ముచ్చటగా ఉంటుంది, కానీ ఆ మొలకలు పచ్చిగా తినకండి.

చంకలో లింఫ్ గ్రంథులు తీసిన ఆపరేషన్ అయితే ఆ వైపు చేతికి సూది గుచ్చుకోకుండా చూసుకోవాలి. చిన్న గాయం కూడా వాపుకు దారి తీయొచ్చు. కుట్టుపని చేయాలనుకుంటే వేలికి తొడుగు పెట్టుకోండి, మొన లేని సూది వాడండి. చేతిలో పిక్ లైన్ (మందు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నటి గొట్టం) ఉంటే ఆ చేత్తో ఊపుగా చేసే పనులు, ఈత వద్దు. ప్లేట్‌లెట్స్ తగ్గాయన్నప్పుడు చెక్క చెక్కడం, కత్తితో పని పూర్తిగా ఆపేయాలి. ఎముకలకు పాకిందని చెప్పి ఉంటే యోగా, డాన్స్ లాంటివి డాక్టర్‌ని అడగకుండా వీడియో చూసి చేయకండి.

ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కుతున్నవాళ్లకు చల్లటిది తగిలితే వేళ్లు జివ్వుమంటాయి. వాళ్లు వాటర్ కలర్ వేసేటప్పుడు గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు పెట్టుకోవాలి. లెట్రోజోల్ అనే హార్మోన్ వైద్యపు మాత్ర వేసుకునేవాళ్లకు పొద్దున్నే వేళ్లు, కీళ్లు పట్టేసినట్టు ఉండొచ్చు, కాబట్టి చేతిపని మధ్యాహ్నానికి పెట్టుకోవడం మేలు. ఆయిల్ పెయింట్, టర్పెంటైన్ వాసనలు కడుపులో తిప్పుతాయి, వాటి జోలికి ఇప్పుడు వద్దు.

హాబీలో ఎంత మునిగిపోయినా సరే, జ్వరం 100.4 ఫారెన్‌హీట్ తాకిందంటే అన్నీ పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేయండి. తెల్లారేదాకా ఆగొద్దు.

ఒకటి కాదు, మూడు సైజుల్లో ఎంచుకోండి

నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే. హాబీ మొదలుపెట్టి మానేసేవాళ్లలో చాలామంది మంచి రోజున ఎంచుకుంటారు, చెడ్డ రోజున ఓడిపోతారు. ఓడిపోయినప్పుడు తప్పు పనిది అనుకోరు, తమది అనుకుంటారు. ఈ జబ్బులో ఇంకో ఓటమి మనకు అక్కర్లేదు. అందుకే లేచి కూర్చోగలిగిన రోజుకు ఒకటి, పడుకునే ఉండే రోజుకు ఒకటి, కళ్లు కూడా తెరవలేని రోజుకు ఒకటి ఉండాలి. మూడూ ఒకేసారి మొదలుపెట్టనక్కర్లేదు, నేనైతే ఒక్కోటిగా పోగేసుకున్నాను.

కూర్చోగలిగిన రోజుకు నేను లేసు ఎంచుకున్నాను. మా మేనత్తలది నరసాపురం వైపు. అక్కడ ఇళ్ల అరుగుల మీద ఆడవాళ్లు సన్నటి తెల్ల దారంతో లేసు అల్లుతూ కబుర్లు చెప్పుకోవడం చిన్నప్పుడు చూశాను. నేర్చుకునే తీరిక దొరకలేదు. ఇప్పుడు దొరికింది కదా అని ఆ కొస వంగిన సన్న సూది, ఆ సన్న దారమే తెప్పించుకున్నాను. నా చేత కాలేదు. వారం వారం ఎక్కే పాక్లిటాక్సెల్ అనే కీమో మందు వల్ల వేళ్ల కొసలు మొద్దుబారిపోయాయి. దారం సూదికి తగులుకుందో జారిపోయిందో వేలికి తెలిసేది కాదు. గంట కూర్చుని ఐదు గొలుసు కుట్లు వేస్తే అందులో మూడు ఊడిపోయాయి.

మా మేనత్త ఫోన్‌లో చూసి, "దారం మార్చవే తల్లీ, చేతుల్ని తిట్టుకోకు" అంది. అప్పుడు లావుపాటి పసుపు రంగు ఊలు, పెన్ను అంత మందం ఉన్న నల్ల సూది తెప్పించాను. నల్ల సూది మీద పసుపు ఊలు కాబట్టి వేలికి తెలియనిది కంటికి తెలిసేది. సూది కొక్కెం ఊలుని పట్టుకుని ముందరి గొలుసులోంచి లాగుతుంటే, ఆ లూపు మొదట బిగుసుకుని, తర్వాత మెత్తగా జారి బయటికొస్తుంది. అది జారిన క్షణం నాకు కళ్లతో వినపడినట్టు ఉండేది. మొదటి రోజు పదకొండు గొలుసులు. నాలుగు వారాలకు జానెడు వెడల్పు పట్టీ. అది దేనికీ పనికిరాదు. ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

మీరు లేసే అల్లనక్కర్లేదు. దీన్నిబట్టి తీసుకోవాల్సిందల్లా, పనిని ఒంటికి తగ్గట్టు లావు చేసుకోండి. చుక్కల ముగ్గు ఇష్టమా? నేలమీద వంగకుండా గళ్ల పుస్తకంలో స్కెచ్ పెన్నుతో వేయండి. ఐదు చుక్కలతో మొదలుపెట్టండి. బొమ్మలు గీయాలని ఉంటే పెన్సిల్‌కి గుడ్డ చుట్టి మందం చేసుకోండి. ఫ్రాన్స్ చిత్రకారుడు మతిస్ 1941లో, డెబ్బై ఒకటో ఏట, పేగు క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక మునుపటిలా నిలబడి బొమ్మలు వేయలేకపోయాడు. సహాయకులు కాగితాలకు రంగులు వేసి ఇస్తే, చక్రాల కుర్చీలోంచీ మంచం మీంచీ కత్తెరతో ఆకారాలు కత్తిరించి గోడలకు గుచ్చించాడు. 1954లో పోయేదాకా ఆ పని చేస్తూనే ఉన్నాడు. ప్రపంచం అతన్ని గుర్తుపెట్టుకున్న బొమ్మల్లో ఆ కత్తెర బొమ్మలూ ఉన్నాయి. కత్తెర, రంగు కాగితాలు, జిగురు మన వీధి చివర స్టేషనరీ షాపులోనూ దొరుకుతాయి.

పడుకునే ఉండే రోజుకు కిటికీ చాలు. మంచాన్ని కిటికీ వైపు తిప్పించుకోండి, ఈ ఒక్క పనీ ఈరోజే చేయించుకోండి. మా కిటికీ బయట ఒక మందార చెట్టు, బట్టలు ఆరేసే తీగ. అంతకుమించి ఏమీ లేదనుకున్నాను. మొదటి వారంలోనే గోరింక, పిచ్చుక, కాకి కాకుండా ఇంకో నాలుగు పిట్టలు లెక్కకొచ్చాయి. కోకిలంటే నల్లగా ఉంటుందనే అనుకునేదాన్ని. నల్లటిది మగదట. ఒళ్లంతా తెల్ల మచ్చలతో, ఎర్ర కళ్లతో కొమ్మ చాటున నక్కి కూర్చునేది ఆడ కోకిల.

మూడో కీమో నాటికి తీగ చివర ఒక తేనెపిట్ట గూడు మొదలుపెట్టింది. ఆడదే కడుతుంది. సాలెగూటి దారం ముక్కున పట్టుకొచ్చి తీగకు చుట్టి, దానికి ఎండుటాకు ముక్కలు, బెరడు పొట్టు అతికించి, చిన్న సంచిలా వేలాడదీసింది. పక్కన ఓ గుండ్రటి గుమ్మం, దానిమీద చూరులా ముందుకు వచ్చిన చిన్న కప్పు. తర్వాత రెండు వారాలకు పైగా ఆ గుమ్మంలోంచి వంకర ముక్కు ఒక్కటే కనిపించేది. పొదుగుతోంది. ఇంట్లో వాళ్లంతా ఆ తీగ మీద బట్టలు ఆరేయడం మానేశారు. నాకు కౌంట్స్ లేక నాలుగో కీమో వారం వాయిదా పడింది. ఏడ్చాను. కానీ పిల్లలు బయటికి తల పెట్టింది ఆ వారంలోనే, చూసింది నేనే.

పిట్టల పేర్లు తెలియకపోతే మెర్లిన్ అనే ఉచిత యాప్ ఉంది. కూత వినిపిస్తే ఏ పిట్టో చెబుతుంది, కళ్లు మూసుకునే వాడొచ్చు. ఏటా ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పిట్టల లెక్కింపు జరుగుతుంది. మన దేశంలోనూ వేలమంది పాల్గొంటారు. కనీసం పావుగంట ఒకచోట ఉండి చూసిన పిట్టలు నమోదు చేస్తే చాలు. మంచం మీంచి చూసినా ఆ లెక్క లెక్కే.

కళ్లు తెరవలేని రోజుకు ఏం చేయాలో నాకు చాలాకాలం తెలియలేదు. పాటలు వినేదాన్ని. కానీ వినడం వేరు, నేర్చుకోవడం వేరు. రేడియేషన్ కోసం విశాఖలో గది తీసుకుని ఉన్నప్పుడు, బల్ల మీద చేయి పైకెత్తి కదలకుండా పడుకోవాల్సిన ఆ కొద్ది నిమిషాల్లో దొరికింది: ఆటవెలది పద్యం కట్టడం. బళ్లో గణవిభజన చేసిన వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కలవాలి, అదే యతి. సూర్యగణాలంటే రెండే: "మందు"లాగా గురువు (బరువుగా పలికే అక్షరం), లఘువు (తేలిగ్గా పలికేది) వచ్చే గలం, "చిలుక"లాగా మూడు లఘువుల నగణం. అన్నీ సూర్యగణాలే ఉండే పాదంతో మొదలుపెడితే తేలిక. "కీమో" అన్న మాట రెండూ గురువులే, ఎంత తిప్పినా ఆ పాదంలో ఇమడదు. ఆ సంగతి కనుక్కున్న రోజు నాకెంత సంతోషమేసిందో!

నాలుగు రోజులు బల్ల మీద లెక్కపెట్టుకుంటే ఒక పాదం కుదిరింది.

చిన్న పిట్ట వచ్చి చెట్టు పైన

ఐదు గలాలు, "చి"కి "చె" యతి. గొప్ప కవిత్వమేమీ కాదు, తప్పు లేని పాదం. మీకు పద్యం మీద ఆసక్తి లేకపోతే ఇంకేదైనా సరే, సామాను లేకుండా మనసులో చేసేదై ఉండాలి. ఒక కొత్త భాషలో రోజుకు మూడు మాటలు, ఒక రాగంలో స్వరాలు, పదిహేనో ఎక్కం.

మొదలుపెట్టడం, ఆపడం

కొనడం తక్కువలో తేల్చండి. మొదటి నెలకు రెండు మూడొందలు దాటకుండా చూసుకుంటే, మానేసినా మనసుకు బరువుండదు. నేను వదిలేసిన కీబోర్డు ఇంకా అటక మీద కనిపిస్తూనే ఉంటుంది.

పావుగంటకు ఫోన్‌లో అలారం పెట్టుకోండి. అది మోగేసరికి ఇంకా చేయాలని ఉన్నా ఆపండి. నీరసం వచ్చాక ఆపితే ఆలస్యమే. మామూలు అలసట పడుకుంటే తీరుతుంది, ఈ నీరసం పడుకున్నా తీరదు. ఉన్న కాస్త ఓపికనూ ఒకేసారి ఖర్చు పెడితే రేపటికి అప్పు పడతాం. ఆపే ముందు తర్వాతి సారి ఎక్కడ మొదలుపెట్టాలో కాగితం మీద రాసుకోండి. కీమో వల్ల మతిమరుపు రావచ్చు. లేసులో ఎన్నో వరసలో ఉన్నానో రోజూ మర్చిపోయేదాన్ని. ఒక్కో వరసకు ఒక్కో గీత గీసుకోవడం మొదలుపెట్టాక ఆ టెన్షన్ పోయింది.

మీకు బాగా ఇష్టమైన హాబీని డే కేర్‌కి తీసుకెళ్లకండి. సెలైన్ ఎక్కుతుంటే చేసిన పని, విన్న పాట, తిన్న తిండి తర్వాత వికారంతో ముడిపడిపోవచ్చు. నాకు ప్రాణమైన పాత పాటలు మొదటి కీమోలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. ఇప్పటికీ ఆ పాటల్లో రెండింటి మొదటి సంగీతం వినపడగానే కడుపులో తిప్పుతుంది. ఆస్పత్రికి పదకేళీ, సుడోకు లాంటివి, పోయినా పర్వాలేదనుకునేవి తీసుకెళ్లండి.

రెండు వారాలు వరసగా ఏదీ చేయాలనిపించకపోతే, పిట్ట వచ్చినా తల తిప్పాలనిపించకపోతే, అది బద్ధకం కాదు. డాక్టర్‌కి చెప్పండి. నోరు తెరిచి చెప్పడం కష్టంగా ఉంటే టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నేను తొమ్మిదో పాక్లిటాక్సెల్ దగ్గర అలాగే అయ్యాను. చెప్పడానికి ఇరవై రోజులు పట్టింది. మీరు అంతసేపు ఆగొద్దు.

ఇంట్లోవాళ్లకు

ఈ భాగం వాళ్లచేత చదివించండి.

జబ్బుతో ఉన్న ఆమె అల్లుతుంటే "ఎందుకమ్మా శ్రమ, పడుకో" అనకండి. అలాగని "ఈరోజు అల్లలేదేం" అని కూడా అడగకండి. రెండూ ఒకటే బరువు. చేసినదాన్ని చుట్టాలందరికీ చూపించి, ఇంత జబ్బులోనూ చూడండి అని పొగడకండి. పసుపు పట్టీని మా వదిన చూసి, "ఈ మూల రెండు గొలుసులు తప్పినట్టున్నాయి కదా" అంది. నాలుగు నెలల్లో నన్ను రోగిలా కాకుండా చూసిన మొదటి మాట అది. వదిన పక్కన కూర్చుంటే ఇద్దరం కలిసి ఆ వరస విప్పి మళ్లీ వేశాం.

మీరూ నేర్చుకోండి, వీలైతే. ఆమెకంటే తర్వాత మొదలుపెట్టి, ఆమెనే అడిగి నేర్చుకోండి. మంచం మీద ఉన్న మనిషికి ఇంకొకరికి నేర్పే పని దొరకడం ఎంత మాటో, మా అబ్బాయి "అమ్మా, ఆ కూత ఏ పిట్టది" అని కిటికీ దగ్గరికి వచ్చినప్పుడు నాకు తెలిసింది.

వైద్యం అయిపోయాక

చాలామంది ఇక్కడ హఠాత్తుగా మానేస్తారు. ఆఫీసు, వంట, పెళ్లిళ్లు అన్నీ ఒక్కసారిగా తిరిగొస్తాయి. మానేసినా తప్పేం లేదు. కానీ మూడు నెలలకోసారో ఆర్నెల్లకోసారో చెకప్ ఉంటుంది, రిపోర్టు వచ్చేదాకా రెండు మూడు రోజుల టెన్షన్ ఉంటుంది. ఆ రోజులకోసమైనా ఒక సంచి సర్ది ఉంచండి. నా సంచిలో ఊలు ఉండ, లావు సూది, పిట్టల నోటుబుక్కు, ఒక పెన్ను ఉంటాయి. స్కాన్ తేదీ రాగానే అది తలుపు పక్కన మేకుకు తగిలిస్తాను.

పద్యంలో మొదటి పాదం ఇంకా కుదరలేదు. ఇంద్రగణాల దగ్గర ఆగాను. వచ్చే నెల పన్నెండున చెకప్ ఉంది.